టర్బో పోయిందన్నారు, పగిలింది గొట్టం: నా అనుభవం

నూజివీడు తోటల్లో మామిడి ఎత్తి హైదరాబాద్ దగ్గరి బాటసింగారం మార్కెట్‌కు చేరవేసే సొంత పికప్ బండి నాది. టర్బో (ఇంజనులోకి ఒత్తిడితో గాలి నెట్టే పంకా) ఉన్న డీజిల్ ఇంజను, బీఎస్6 అనే కాలుష్య నిబంధనల రకం. అంటే 2020 ఏప్రిల్ తర్వాతి బండ్లలాగే దీనికీ పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఉంది. కొనడం, ఫైనాన్స్, రిజిస్ట్రేషన్ అన్నీ సాఫీగానే జరిగాయి కనుక వాటి గురించి చెప్పేదేమీ లేదు. చెప్పవలసిందల్లా ఈ సీజన్ నడిమధ్యలో టర్బో పేరు చెప్పి నన్ను సర్వీస్ సెంటర్‌లో కూర్చోబెట్టిన తీరు గురించే.

ముందుగా మొదలైంది డీపీఎఫ్‌లో మసి నిండిందని స్టీరింగ్ ముందు వెలిగే దీపం. హైవే మీద నిలకడగా నడిచే బండిలో ఈ మసి దానంతటదే సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోతుంది. ఊళ్లో కొంచెం కొంచెం తిరిగే బండ్లకే మసి పేరుకునే బాధ ఎక్కువ. నా బండి తిరిగేది ఎక్కువగా విజయవాడ - హైదరాబాద్ రోడ్డు మీదే అయినా, దీపం పదే పదే వెలగసాగింది. వెలిగిన ప్రతిసారీ సర్వీస్ సెంటర్‌వారు కంప్యూటర్ తగిలించి, బండిని నిలబెట్టే మసి కాల్చి, బిల్లు చేతిలో పెట్టి పంపేవారు. ఇంత మసి ఎందుకు వస్తోందని వాళ్లలో ఒక్కరూ ఆలోచించలేదు. కొద్ది రోజులకు లోడు మీద వంతెన ఎక్కేటప్పుడు బండి లాగడం మానేసింది, ఇంజను దీపం వెలిగింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. ఇంజను తనను తాను కాపాడుకోవడానికి శక్తిని తగ్గించేసుకునే స్థితి అది.

సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర లుంగీతో నిలబడిన నన్ను చూసి అడ్వైజర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఓనర్ రాలేదా?" ఓనర్‌ని నేనేనని చెప్పి ఆర్‌సీ చూపించాక గానీ అతను నా వైపు తిరిగి మాట్లాడలేదు. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఆ తర్వాత పిలిచి, కంప్యూటర్‌లో పి0299 అనే కోడ్ వచ్చింది కనుక టర్బో పోయిందని, అసెంబ్లీ మొత్తం మార్చాలని, కూలితో కలిపి 48,000 రూపాయలు అవుతుందని చెప్పాడు. వారంటీ ఉంది కదా అంటే, మధ్యలో ఒకసారి ఆయిల్ బయట మార్పించారు కనుక వర్తించదన్నాడు. ఆ మార్పించిన ఆయిల్ డీపీఎఫ్ బండ్లకు కంపెనీ చెప్పిన గ్రేడే, బిల్లు కూడా నా దగ్గరే ఉంది. దాన్ని చూడనైనా చూడలేదు. రుజువు కావాలా అంటూ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే భాగం) పైపు విప్పి, లోపల వేలితో తుడిచి, నల్లటి నూనె తడిని నా ముఖం ముందు పెట్టి, టర్బోలో నూనెను ఆపే సీల్ పోయిందనడానికి ఇదే సాక్ష్యమన్నాడు. అప్పటికే అక్కడ చేరిన వేరే బండ్లవాళ్లు, "డ్రైవర్లకు చెప్పినా అర్థం కాదు" అని అతను అంటుంటే నవ్వారు. పదిహేనేళ్లకు పైగా స్టీరింగ్ పట్టినవాణ్ణి, ఒక్క యాక్సిడెంట్ లేనివాణ్ణి, ఆ నవ్వు మింగుకుని నిలబడవలసి వచ్చింది. తోటలో కోసిన కాయ నాకోసం ఆగదు కాబట్టి లోడుకు కిరాయి బండి మాట్లాడి పంపేశాను, ఆ ట్రిప్పులో మిగిలింది ఏమీ లేదు.

పని వద్దన్నాక బండి బయటికి తెచ్చుకోవడం మరో యుద్ధం. విప్పినందుకు కూలి, కోడ్ చదివినందుకు కూలి, తీసుకెళ్లకపోతే రోజుకింత పార్కింగ్ అన్నారు. కారణాన్ని కాగితం మీద రాసివ్వండి, వారంటీ ఎందుకు వర్తించదో కూడా రాసి సంతకం పెట్టండి అని గట్టిగా అడిగేసరికి పార్కింగ్ మాట దానంతటదే మాయమైంది. రాసివ్వమనే మాట ఒక్కటే ఆ గడప లోపల పనిచేసింది. విప్పిన కూలి మాత్రం వదల్లేదు.

అక్కడి నుంచి నెమ్మదిగా నడుపుకుంటూ విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పని చేసే పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. కోడ్ విని ఆయన చెప్పిందిది: గాలి ఒత్తిడి కావలసినంత రావడం లేదని మాత్రమే ఆ కోడ్‌కు అర్థం, ఎందుకు రావడం లేదో అది చెప్పదు బాబూ. పైపులో కొద్దిపాటి నూనె తడి ఉండటం సహజమేనని, ఇంజను ఆవిరితో పాటు కొంత నూనె అటు వస్తుందని, సీలే పోయి ఉంటే ఆయిల్ మట్టం పడిపోయి నీలం పొగ కనిపించేదని వివరించాడు. టర్బో ఇరుసును వేళ్లతో పట్టి కదిపి చూపించాడు. పక్కలకు రవ్వంత కదలిక ఉండొచ్చు, ఎందుకంటే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఆ ఇరుసు పలుచటి నూనె పొర మీదే తేలుతుంది. ముందుకూ వెనక్కూ కదిలితేనో, రెక్కలు గోడకు రాసుకుంటేనో అనుమానించాలి. నా బండిలో అవేవీ లేవు. తర్వాత గాలి గొట్టాల్లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లితే, ఇంటర్‌కూలర్ గొట్టం క్లాంపు కింద, కంటికి ఆనని చోట, బుడగలు లేచాయి. గొట్టం అక్కడ పగిలి గాలి కారిపోతోందన్నమాట.

మసి లెక్క కూడా అప్పుడే తేలింది. గాలి కారిపోతే డీజిల్ సరిగ్గా కాలక మసి పెరుగుతుంది. పాత బండ్లలోనైతే నల్లటి పొగ రూపంలో వెనకొచ్చేవాడికి కూడా తెలిసిపోయేది. ఇప్పుడు ఆ మసినంతా డీపీఎఫ్ పట్టేస్తుంది కనుక పొగ కనబడదు, దీపం మాత్రమే తరచుగా వెలుగుతుంది. కాబట్టి డీపీఎఫ్ దీపం మాటిమాటికీ వస్తుంటే మసి కాల్చే బిల్లు కట్టేముందు గొట్టాలు పరీక్షించమని అడగండి. గొట్టం, క్లాంపులు, కూలి అన్నీ కలిపి నాకు నాలుగు వేల లోపే అయింది. పాత గొట్టాన్ని అడ్వైజర్ టేబుల్ మీద పెట్టి రావాలని బలంగా అనిపించింది గానీ, వాడి ముఖం మళ్లీ చూడటం ఇష్టం లేక మానుకున్నాను.

టర్బో బండి కొనాలనుకునేవారికి ఖర్చుల మాట కూడా చెప్పాలి. 7,500 కిలోల లోపు సరుకు బండికి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం 16,049 రూపాయలు. ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందనే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ప్రతి ఏడాదీ. నా దారిలో కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు నాలుగూ తప్పవు. డీజిల్ ఆంధ్రలో కంటే కోదాడ వైపు కాస్త తక్కువ కనుక ట్యాంకు అక్కడే నింపుతాను. వీటిలో ఏదీ మన చేతిలో ఉండదు. ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మాత్రం మన చేతిలో ఉన్నవి. తోట దారుల దుమ్ములో తిరిగే బండికి ఫిల్టర్‌ను పుస్తకంలో రాసినదానికంటే ముందే మార్చాలి. ఆయిల్ ఎక్కడ మార్పించినా గ్రేడ్, కిలోమీటర్లు రాయించిన బిల్లు ఉండాలి. లోడుతో లాగి వచ్చి ఆపగానే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజను నడవనిస్తే, కాలుతున్న టర్బోలో నూనె మాడి గట్టిపడదు.

వారంటీ తిరస్కరణ గురించి బిల్లుల కాపీలతో కంపెనీకి ఉత్తరం పంపాను. అందినట్టు సమాధానం వచ్చింది, విప్పిన కూలి తిరిగి ఇచ్చే మాట అందులో లేదు. టర్బోకు కట్టకుండా మిగిలిన డబ్బులో సగం వెనక టైర్లకు పోయింది.