అమ్మకు నోరు పూసినప్పుడు

పోయిన ఎండాకాలం అమ్మకు నోరంతా పూసింది. వేడి చేసిందనుకున్నాం. సబ్జా నీళ్లు, మజ్జిగ, పెరుగన్నం, రెండు రోజులు అవే నడిచాయి. మూడో రోజుకి మజ్జిగ కూడా మంటగా ఉందంది, నాలుక అంచుల్లో తెల్లగా పుండ్లు కనిపించాయి, అప్పుడు నాకు అనుమానం వచ్చి ఆమె మందుల డబ్బా తెరిచాను. అమ్మకు కీళ్లవాతం. ఏడేళ్లుగా మెథోట్రెక్సేట్ వాడుతోంది, వారానికి ఒక్క రోజు, ఆదివారం రాత్రి, అంతే. ఆ నెల మందుల షాపులో కవరు మీద ఎవరో పెన్నుతో "రాత్రి 1" అని రాసిచ్చారు, మిగతా కవర్ల మీద రాసినట్టే. అమ్మ అది చదివి, ఈసారి డాక్టరు మార్చారేమో అనుకుని, ఐదు రోజులు వరసగా వేసేసుకుంది.

ఆసుపత్రికి పరుగెత్తాం. రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. వెంటనే మాత్ర ఆపించి ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పది రోజులకు కోలుకుంది. కానీ అక్కడ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నన్ను ఒకటే తొలిచింది: కీళ్ల కోసం వేసే మాత్ర నోటినెందుకు తినేసింది? డాక్టరుగారిని అడిగితే, "నోటి లోపలి పొర ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంటుందమ్మా, ఈ మందు ఎక్కువైతే కణాలు చీలడం ఆగిపోతుంది, అందుకే" అన్నారు.

కణాలు చీలడం. ఇంటర్‌లో దీనికి ఎన్ని బొమ్మలు వేశానో! ఉల్లిపాయ వేరు కొన కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, ప్రథమ దశ, మధ్య దశ, చలన దశ, అంత్య దశ అని రికార్డులో పెన్సిల్‌తో గీసి, సంతకం పెట్టించుకున్నాం. ఆ బొమ్మల్లో ఉన్నదంతా చివరి ఘట్టమేనని అప్పుడు నాకు అర్థం కాలేదు. రోజుకోసారి చీలే మనిషి కణాన్ని తీసుకుంటే, ఆ నాలుగు దశలూ కలిపి సుమారు గంటలో అయిపోతాయి. అసలు శ్రమ అంతకుముందే, దాదాపు ఎనిమిది గంటలపాటు, బయటికి ఏమీ కనపడకుండా జరుగుతుంది. అదే డీఎన్‌ఏకి నకలు తీయడం.

ఎంత నకలంటే, ఒక్క కణంలోని డీఎన్‌ఏని సాగదీసి పరిస్తే రెండు మీటర్లు వస్తుంది. అది 46 ముక్కలుగా, అంటే 46 క్రోమోజోములుగా, కంటికి కనపడనంత చిన్న కేంద్రకంలో చుట్టుకుని ఉంటుంది. అందులో నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎకి ఎదురుగా టి, జికి ఎదురుగా సి. అలాంటి జతలు దాదాపు 600 కోట్లు. ఈ జతల వల్ల డీఎన్‌ఏ రెండు పేటలుగా అల్లుకుని ఉంటుంది. నకలు తీసేటప్పుడు ఆ జంట పేట విడిపోతుంది, ఒక్కో పేటను చూసి కణం దాని జోడీని కొత్తగా కడుతుంది, రెండు పూర్తి సెట్లు తయారవుతాయి. ఆ తర్వాతే కణం రెండుగా విడిపోయి చెరొక సెట్టు పంచుకుంటుంది.

నకలు తీయడానికి అక్షరాలు కావాలి కదా, అమ్మ కథ మొదలయ్యేది అక్కడే. టి అనే అక్షరాన్ని కణం తనకు తానుగా తయారు చేసుకుంటుంది, డీఎన్‌ఏకి చుట్టమైన ఆర్‌ఎన్‌ఏలో టికి బదులు వాడే యు అక్షరానికి ఒక్క కార్బన్ అదనంగా తగిలించి. ఆ కార్బన్‌ని మోసుకొచ్చి ఇచ్చేది ఫోలేట్, మనం ఆకుకూరల్లో, పప్పుల్లో తినే విటమిన్. ఇచ్చేశాక ఫోలేట్ ఖాళీ అయిపోతుంది, దాన్ని మళ్లీ పనికొచ్చేలా చేయడానికి ఒక ఎంజైము ఉంది. మెథోట్రెక్సేట్ చూడటానికి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే, అంటే మాత్రల్లో దొరికే ఫోలేట్‌లాగే ఉంటుంది, వెళ్లి ఆ ఎంజైములో ఇరుక్కుని కూర్చుంటుంది. ఇక ఫోలేట్ తిరిగి తయారవ్వదు. టి అందదు. నకలు సగంలో ఆగిపోతుంది, కణం చీలలేక చచ్చిపోతుంది. అమ్మకు ఇచ్చిన ఫోలినిక్ యాసిడ్‌కి ఆ ఎంజైముతో అవసరమే లేదు, అది ముందే సిద్ధమైన రూపం, అందుకే దాన్ని విరుగుడుగా వాడతారు.

కాబట్టి ముందు దెబ్బ తగిలేది ఎక్కువగా చీలే కణాలకే. నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర, వెంట్రుకల కుదుళ్లు, ఎముక మజ్జ. మజ్జలో ఎర్రకణాలే సెకనుకు 20 లక్షలకు పైగా పుడుతుంటాయి, అక్కడ టి కొరత అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మెదడులోని నరాల కణాలు చాలావరకు చీలవు కాబట్టి వాటికి ఈ కొరత అంతగా తెలియదు. వారానికి ఒక్కసారి, తక్కువ మోతాదులో వేసుకున్నప్పుడు ఈ మందు ముఖ్యంగా కీళ్లలోని వాపును అణచడానికి పనిచేస్తుంది. వారం మందు రోజు మందైతే మాత్రం మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఇది వాడుతుంటే దయచేసి ఇవాళే కవరు మీద ఏం రాసి ఉందో చూడండి.

అదే సమయంలో మా ఇంట్లో, అదే అలమరలో, అక్క ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి. అక్కకు అప్పుడు మూడో నెల. ఒక అరలో కణాలు చీలడానికి కావలసిన విటమిన్, పై అరలో దాన్ని అడ్డుకునే మందు! గర్భిణికి మెథోట్రెక్సేట్ ప్రమాదం కాబట్టి అమ్మ డబ్బాను వేరే గదికి మార్చేశాం. బిడ్డ వెన్నుపాముగా, మెదడుగా మారే నాళం గర్భం మొదలైన 28 రోజులకల్లా మూసుకుపోతుందట. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమంటారు. అక్కకు ఇది ముందే చెప్పినవాళ్లు ఉన్నారు, అదృష్టం. ఎంతమందికి చెబుతున్నారో అని నాకు బాధగా ఉంటుంది.

ఆ బిడ్డ కూడా ఒక్క కణంతోనే మొదలైంది. అక్క నుంచి 23 క్రోమోజోములు, బావ నుంచి 23. మామూలు కణాలు 46ని 46గానే పంచితే, అండంలో, వీర్యకణంలో మాత్రం జతలో ఒకటే వెళ్లేలా క్షయకరణ విభజన జరుగుతుంది. ఏ జతలో ఏది వెళ్తుందన్న దాన్ని బట్టే ఒక మనిషి నుంచి 83 లక్షలకు పైగా కలయికలు రావచ్చు, మధ్యలో ముక్కలు మార్చుకోవడాలు లెక్కలోకి తీసుకోకుండానే. ఒకే అమ్మానాన్నలకు పుట్టిన నేనూ అక్కా ఇంత వేరుగా ఉండటం అందుకే. అమ్మమ్మకూ వేళ్లు వంకర తిరిగాయి, అమ్మకూ తిరిగాయి, మరి మాకు? అక్క అడిగిన ప్రశ్న ఇదే. కీళ్లవాతానికి ఒకే ఒక్క జన్యువు కారణం కాదు. డీఎన్‌ఏ ఒకేలా ఉండే కవలల్లో కూడా ఒకరికి వచ్చి రెండోవారికి రాకపోవడమే ఎక్కువ. ఆ మాట చెప్పాక అక్క కాస్త తేలికపడింది.

ఇక యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చెప్పకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి, తర్వాత అమెరికా చేరారు, 1940 నుంచి అక్కడి లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనలు నడిపారు. ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది ఆయన బృందమే, దానికి ఎదురు పనిచేసే అమినాప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇస్తే పది మందికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు, 53 ఏళ్లకే. డీఎన్‌ఏ జంట పేటల మెలిక అని వాట్సన్, క్రిక్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది 1953లో. అంటే కణం నకలు ఎలా తీస్తుందో ప్రపంచానికి తెలియకముందే, ఆ నకలును ఆపే మందును మనవాడు తయారు చేయించారు. స్కూల్లో ఆయన మీద ఒక్క పేరా కూడా చదివిన గుర్తు నాకు లేదు, అది నాకు నిజంగా కష్టంగా ఉంది.

కార్తీకంలో అక్కకు కూతురు పుట్టింది. అమ్మ మళ్లీ మాత్ర మొదలుపెట్టింది, కవర్ల మీద ఇప్పుడు నేనే ఎర్ర పెన్నుతో రాస్తున్నాను. వంటింటి క్యాలెండర్‌లో ఆదివారం మెథోట్రెక్సేట్, డాక్టరుగారు చెప్పినట్టు మంగళవారం ఫోలిక్ యాసిడ్.