వంగ మొక్క అనుకుని రెండు చెంబులు ఎక్కువే పోశా

ముందే చెప్పేస్తున్నా, ఆ మొక్క ఉమ్మెత్త. ఉమ్మెత్త ఎవరికి తెలీదు, ఇంతోటి దానికి ఇంత రాయాలా అంటారని తెలుసు, నేనూ నిన్నమొన్నటి దాకా అదే అనేవాణ్ణి. కానీ మనకి తెలిసింది దాని పువ్వూ, ముళ్ళకాయా. ఆ రెండూ లేకుండా జానెడు మొక్కగా ఉన్నప్పుడు చూపించి ఇదేంటో చెప్పు అంటే అప్పుడు తెలుస్తుంది మన సంగతి.

పెరట్లో వంగ నారు నాటిన మడిలో ఒక మొక్క మాత్రం మిగతావాటిని మించి జోరుగా లేచింది. కాండం ఊదారంగు, ఆకు వెడల్పు, ఆకు మొదలు తొడిమ దగ్గర ఒకవైపు కాస్త కిందికి జారి ఉంటుంది. వంగాకు కూడా అచ్చం అంతే, రెండూ ఒకే కుటుంబం కాబట్టి పోలికలు బాగానే వచ్చాయి. ఇదేదో మంచి జాతి నారు పడింది అని దానికి ముద్దు చేసి మరీ నీళ్ళు పోశా.

మొదట అనుమానపడింది అమ్మ. ఆకు పట్టుకుని చూసి "ఒరేయ్, వంగాకు గరుగ్గా ఉండాలి కదరా, ఇదేంటి ఇంత నున్నగా ఉంది" అంది. సరేలే చూద్దాం అని ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి వేసుకుని పైనుంచి ఫోటో తీశా, వంగ అంది. హమ్మయ్య అనుకున్నా. మర్నాడు ఇంకో ఫోటో పక్కనుంచి తీస్తే ఉమ్మెత్త అంది, మూడోసారి తీస్తే ఇంకేదో పేరు. నేనేం చేశానంటే మొదటి జవాబే పట్టుకుని కూర్చున్నా, ఎందుకంటే నాక్కావలసింది అదే కాబట్టి! పక్కింటి పెద్దాయనైతే గోడ మీంచి చూసి "చిన్న ముక్క నాలిక మీద పెట్టుకో బాబూ, తెలిసిపోద్ది" అన్నారు. ఆయన మాట వినలేదు, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

రుచి వద్దు గానీ వాసన చూస్తే పోయేదేముందని ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య బాగా నలిపా. మక్కిపోయిన నూనె లాంటి వాసన, కడుపులో తిప్పింది. చేతులు కడుక్కోవాలి కదా, ఎండలో చెమట కారి కుడి కంట్లో పడుతుంటే అదే చేత్తో కన్ను నులిమేసి పనిలో పడిపోయా.

సాయంత్రానికి ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి, ఎడమ కన్ను మూస్తే అసలు కనబడట్లేదు, కుడి కన్ను మూస్తే అంతా బాగానే ఉంది. లైటు చూస్తే కుడి కంట్లో గుచ్చుకుంటోంది. ఇంతలో పాప నా మొహంలోకి చూసి "నాన్నా, నీ కళ్ళు రెండూ వేరేవేరేగా ఉన్నాయి" అంది. అద్దం దగ్గరికెళ్తే నిజమే, ఎడమ కంటిపాప చిన్న చుక్క, కుడి పక్కదేమో నల్లగా ఇంత పెద్దదై చుట్టూ రంగు సన్నని గీతలా మిగిలింది. కాళ్ళు వణికాయి. ఒక పక్క కంటిపాప పెద్దదవడం అంటే తలలో ఏదో అయినప్పుడు కూడా అవుతుందని ఎక్కడో విన్నా, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తాం.

డాక్టర్ గారు మొదట తలనొప్పి ఉందా, వాంతులయ్యాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, దెబ్బ తగిలిందా అని అడిగారు. కనురెప్ప వాలిందేమో చూశారు, వేలు అటూ ఇటూ తిప్పి కన్ను కదులుతోందా చూశారు, టార్చి వేశారు. అన్నీ బాగానే ఉన్నాయి, కుడి కంటిపాప మాత్రం ముడుచుకోదు. అప్పుడు పైలోకార్పిన్ చుక్కలు వేసి కూర్చోబెట్టారు. నరం దెబ్బతిని పెద్దదైన పాప ఆ మందుకి చిన్నదవుతుందట, ఏదైనా మందో విషమో పడి పెద్దదైతే మాత్రం కదలదట. ముప్పావు గంట తర్వాత చూస్తే నాది కదల్లేదు. ఆవిడ నా గోళ్ళ వైపు చూసి "తోటపని చేశారా ఇవాళ?" అన్నారు.

ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమైన్ అనే విషాలు ఉంటాయి, పాపని పెద్దది చెయ్యడానికి కంటి డాక్టర్లు వేసే కొన్ని చుక్కల్లోనూ అట్రోపిన్ ఉంటుంది. నేనేమో నా కంట్లో నేనే వేసుకున్నానన్నమాట. "ఇది నోట్లోకి వెళ్ళి ఉంటే గుండె దడ, జ్వరం, నోరు ఎండిపోవడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం, మీరు ఇలా కూర్చుని కబుర్లు చెప్పేవారు కాదు" అన్నారు. నాలిక సలహా గుర్తొచ్చి నోరు మూసుకున్నా. "కానీ పువ్వే లేదండీ దానికి" అన్నా, పువ్వు లేకపోయినా ఆకులో విషం ఉంటుందట. పాప మామూలు సైజుకి రావడానికి మూడు రోజులు పట్టింది.

నాకు మాత్రం సొంతంగా ఖాయం చేసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. గ్లోవ్స్ వేసుకుని ఆ మొక్క ఆకొకటి, పక్క వంగ మొక్క ఆకొకటి తెచ్చి భూతద్దం కింద పక్కపక్కన పెట్టా. వంగాకు మీద నూగంతా బుల్లి బుల్లి నక్షత్రాలు, ఒక్కో చోటు నుంచి ఐదారు వెంట్రుకలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, ఆ గరుకుదనం వాటిదే. ఆ మొక్క ఆకు మీద అవి ఒక్కటీ లేవు. అమ్మ వేళ్ళకి తెలిసింది అదే! తర్వాత కొమ్మలు చీలే చోట ఒక మొగ్గ కనబడింది, పొడుగ్గా గొట్టంలా. బ్లేడుతో చీలిస్తే లోపల రేకంతా మడత పెట్టిన గొడుగులా మెలితిరిగి ఉంది. వంగ మొగ్గ ఇలా ఉండే ప్రసక్తే లేదు.

ఇక గోడ అవతల ఖాళీ స్థలంలోకి తొంగి చూస్తే తల్లి మొక్క నిలువెత్తున నిలబడి ఉంది, కాయలు కిందికి వేలాడుతూ, ముళ్ళు పొట్టిగా మొద్దుగా. ఇది డతూరా మెటెల్ అనే ఉమ్మెత్త జాతి, 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరు. స్ట్రమోనియం అనే ఇంకో ఉమ్మెత్త జాతి కాయ నిటారుగా ఉండి నాలుగు పలకలుగా పగులుతుంది, దీనిది అలా కాదు.

నా మొక్కని వేళ్ళతో సహా పీకి సంచిలో కట్టి పడేశా, కాల్చలేదు, ఎరువు గుంటలోనూ వెయ్యలేదు. తల్లి మొక్క కాయలు పగలకముందే ఆ స్థలం వాళ్ళకి చెప్పి తీయించా. అయినా పాత కాయల గింజలు ఎప్పుడో రాలిపోయాయిగా. అమెరికాలో 1902లో మట్టిలో పాతిపెట్టిన స్ట్రమోనియం గింజలు 39 ఏళ్ళ తర్వాత తవ్వి తీసినా చాలావరకు మొలిచాయట, అది చదివాక నీరసం వచ్చింది.

ఇప్పుడు రెండాకుల దశలోనే పట్టేస్తున్నా, సన్నగా పొడుగ్గా ఉంటాయి, ఒక్కోసారి గింజ తొక్క ఇంకా ఆకు కొసకి వేలాడుతూనే ఉంటుంది. నిన్న పొద్దున ఇంకో మూడు లేచాయి. గ్లోవ్స్ కనబడక పావుగంట వెతికి, అవి దొరికాకే పీకా.