తొమ్మిదో ప్రశ్న

మానసిక ఆరోగ్యం మీద సదస్సు అంటే జనం రారు. నిద్ర పట్టకపోవడం గురించి మాట్లాడుకుందాం అంటే వస్తారు. అది మోసమేమీ కాదు. డిప్రెషన్ చాలామందిలో ముందు నిద్ర, ఆకలి, ఒళ్లునొప్పుల రూపంలోనే బయటపడుతుంది.

ఇరవై నిమిషాలకు మించి మాట్లాడకండి. అసలు ప్రశ్న అందరూ లేచాక, తలుపు దగ్గర మెల్లగా అడుగుతారు. అయిపోయాక అరగంటైనా అక్కడే ఉండాలి.

డిప్రెషన్ ఉందేమో చూడడానికి నింపించే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ ఆపైన గానీ వస్తే డాక్టర్ చూడాలి. ఇది జల్లెడే, జబ్బును తేల్చే పరీక్ష కాదు. నలుగురిలో గట్టిగా చదివి నింపిస్తే అన్నీ సున్నాలే వస్తాయి.

పెద్ద పొరపాటు, మొత్తం మాత్రమే చూడడం. స్కోరు 6 అయినా సరే, చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏదొచ్చినా అప్పుడే పక్కకు తీసుకెళ్లి సూటిగా అడగాలి: "చనిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?" అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఎలాగో చెప్పగలిగితే ఒంటరిగా వదలొద్దు. విషం, మందులు చేతికందకుండా తీయించి, ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

డాక్టర్ దగ్గరకు వెళ్లమని చీటీ చేతిలో పెట్టి పంపిస్తే సగంలోనే ఆగిపోతారు. ఏ రోజు, ఎన్నింటికి, వెంట ఎవరు అన్నది అక్కడే తేల్చండి. డిప్రెషన్ మందులు పనిచేస్తున్నాయని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, కానీ కడుపులో వికారం మొదటి రోజుల్లోనే వస్తుంది. ఆ మొదటి వారంలోనే ఫోన్ చేయాలి.