ఉన్న ఫైల్‌ను లేదన్న ప్రింటర్

ఈమధ్య నా చేతికి వచ్చిన పాత లేజర్ ప్రింటర్‌ను డెబియన్ అనే లినక్స్ వ్యవస్థ నడుస్తున్న కంప్యూటర్‌కు కలిపాను. ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం దాని పేరు చూపింది, ఎల్‌పీఇన్ఫో దాని యూఎస్‌బీ చిరునామానూ చెప్పింది. లినక్స్‌లో ముద్రణ పని చూసే కప్స్ అనే వ్యవస్థ డ్రైవర్ల జాబితాలో మాత్రం ఆ మోడల్ ఊసే లేదు. అంటే ప్రింటర్ ఉన్నదని కంప్యూటర్‌కు తెలుసు, దానితో ఏ భాషలో మాట్లాడాలో తెలియదు. ఈ రెండింటినీ విడివిడిగా చూడకపోతే, లోపం లేని తీగలు మార్చుకుంటూ కూర్చోవలసి వస్తుంది.

1999లో తొలిసారి విడుదలైన కప్స్, మన పత్రాన్ని ఫిల్టర్లనే చిన్న ప్రోగ్రాముల గుండా ఒకదాని తరువాత ఒకటిగా పంపి, ప్రింటర్‌కు అర్థమయ్యే రూపానికి మారుస్తుంది. పేజీ ఎలా ఉండాలో చెప్పే పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీసీఎల్ భాష తెలిసిన ప్రింటర్లతో పెద్దగా చిక్కు ఉండదు. ఎయిర్‌ప్రింట్ వంటి పద్ధతులు తెలిసిన కొత్త యంత్రాలకైతే ప్రత్యేక డ్రైవరే అవసరం లేదు. నాది ఈ రెండు కోవలకూ చెందదు: పేజీ మొత్తాన్ని కంప్యూటరే చుక్కల బొమ్మగా గీసి, తయారీదారు సొంత పద్ధతిలో కుదించి పంపితే తప్ప కాగితం కదలదు. సాధారణ పీసీఎల్ డ్రైవర్‌తో ప్రయత్నిస్తే దీపం కాసేపు మిణుకుమని ఊరుకుంది. ఇటువంటి సొంత పద్ధతులను ఛేదించి ఫూ2జెడ్‌జెఎస్, స్ప్లిక్స్ వంటి స్వేచ్ఛా డ్రైవర్లు రాసినవారు ఉన్నారు కానీ, నా మోడల్ వాటిలో లేదు.

చివరికి తయారీదారు ఎప్పుడో విడుదల చేసి వదిలేసిన లినక్స్ డ్రైవర్ దొరికింది. ఏ ఫిర్యాదూ లేకుండా ఇన్‌స్టాల్ అయింది. పరీక్ష పేజీ పంపితే మాత్రం 'ఫిల్టర్ విఫలమైంది' అన్న ఒక్క ముక్క చెప్పి ముద్రణ క్యూ ఆగిపోయింది. ఒక సాయంత్రమంతా దానిని తీసివేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసివేశాను. అది శుద్ధ దండగ పని.

మరునాడు కప్స్‌సీటీఎల్ ఆదేశంతో, ప్రతి అడుగునూ వివరంగా నమోదు చేసే డీబగ్ లాగింగ్ తెరిచి, ఎర్రర్ లాగ్ చదివాను. తయారీదారు ఫిల్టర్ 102 సంఖ్యతో ఆగిపోయిందనీ, అటువంటి ఫైల్ గానీ డైరెక్టరీ గానీ లేదనీ అందులో ఉంది. వెళ్ళి చూస్తే ఆ ఫైల్ ఉండవలసిన చోటే ఉంది, నడిపే అనుమతులు కూడా సక్రమంగానే ఉన్నాయి. కళ్ళెదుట ఉన్నదానిని లేదంటుంటే ఎవరిని అనుమానించాలి?

ఫైల్ అనే ఆదేశంతో పరీక్షిస్తే గుట్టు బయటపడింది. అది 32 బిట్ల ప్రోగ్రాము, నా వ్యవస్థ 64 బిట్లది. వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్‌కు అది పెద్ద అభ్యంతరం కాదు గానీ, అటువంటి ప్రోగ్రామును మెమరీలోకి ఎక్కించడానికి 32 బిట్ల లోడర్ మరొకటి కావాలి. నా దగ్గర లేనిది అదే. లోడర్ కనబడనప్పుడు కూడా కెర్నల్ 'ఫైల్ లేదు' అనే చెబుతుంది, ఏ ఫైల్ లేదో చెప్పదు. సోర్స్ కోడ్ ఇచ్చి ఉంటే 64 బిట్లకు మళ్ళీ కంపైల్ చేసుకునేవాడిని. మూసి ఉంచిన డ్రైవర్లపై నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

డెబియన్ ప్యాకేజీల సాధనమైన డీపీకేజీతో ఐ386 అనే 32 బిట్ల ఆర్కిటెక్చర్‌ను చేర్చి, ప్యాకేజీల జాబితాను తాజా చేసి, ఆ లోడర్ ఉండే లిబ్‌సీ6 ప్యాకేజీ యొక్క ఐ386 రూపాన్ని ఇన్‌స్టాల్ చేశాను. ఈసారి లాగ్‌లో ఫిర్యాదు మారింది: కప్స్ లైబ్రరీ దొరకలేదట, ఈ మారు పేరుతో సహా చెప్పింది. ఫిర్యాదు మారడమంటే ముందడుగు పడినట్టే కాబట్టి దాని 32 బిట్ల రూపాన్ని కూడా తెచ్చి, ఆగిన క్యూను కప్స్‌ఎనేబుల్‌తో తిరిగి నడిపించాను. కాగితం కదిలింది.

అయితే పేజీ అడుగున చివరి వరుస సగానికి తెగిపోయింది. డ్రైవర్‌తో వచ్చిన, ప్రింటర్ వివరాలుండే పీపీడీ ఫైల్‌లో కాగితం పరిమాణం లెటర్ అని ఉంది. ఎ4 పొడవు 297 మిల్లీమీటర్లు, లెటర్‌ది 279. బ్రౌజర్‌లో 631 పోర్టు వద్ద కప్స్ పుట తెరిచి దానిని ఎ4గా మార్చి, మరో పేజీ తీశాను. వరుసలన్నీ వచ్చాయి. డీబగ్ లాగింగ్ ఆపివేసి, కంప్యూటర్ కట్టేశాను.