మైదా, పోస్టర్లు, మెస్ క్యాంపెయిన్

హెచ్‌సీయూలో విద్యార్థి సంఘం యూనిట్ నడిపానంటే అందరూ ధర్నాలు, నినాదాలు ఊహించుకుంటారు. సగం పని మైదా ఉడకబెట్టి పోస్టర్లు అంటించడమే.

విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎలా జరగాలో చెప్పిన లింగ్డో కమిటీ సిఫార్సులను అమలు చేయమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్నుంచి అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసినవే ఉండాలి. దాంతో మా యూనిట్‌లో కార్యదర్శి కంటే దస్తూరి బాగున్నవాడికే గిరాకీ. హాస్టల్ కారిడార్‌లో పాత పేపర్లు పరిచి రాస్తుంటే, ఎర్ర రంగు ఆరకముందే ఎవడో ఒకడు తొక్కేసేవాడు. తిట్టి, మళ్లీ రాసేవాళ్లం.

రాత్రి మెస్ క్యాంపెయిన్ ఇంకో తంతు. పప్పన్నం కలుపుకుంటున్నవాడి పక్కన నిలబడి, వాడి ఫెలోషిప్ ఎందుకు ఆగిందో రెండు ముక్కల్లో చెప్పాలి. తెలుగులో ఎత్తుకుంటే కేరళ పిల్లలు ఫోన్లోకి వెళ్లిపోతారు, ఇంగ్లీషులో చెబితే మనవాళ్లు "ఏంటన్నా ఈ లెక్చరు" అంటారు. నిజం చెప్పాలంటే ఓట్లు మెస్‌లో రాలేదు, క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ షాప్‌కామ్‌లో టీ తాగుతూ వాళ్ల గోడు విన్నప్పుడే వచ్చాయి.

ఖర్చు పరిమితి మంచిదే. నాకు మింగుడుపడనిది అభ్యర్థికి 75 శాతం హాజరుండాలనే నిబంధన. స్కాలర్‌షిప్ ఫైలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవాడికి హాజరు ఎక్కడిది? బకాయి సబ్జెక్టులున్నా పోటీకి పనికిరాడు. టికెట్ల వేళ మా గొడవలన్నీ అక్కడే. ఏడాదంతా తిరిగినవాణ్ని పక్కనపెట్టి, మార్కులున్నవాణ్ని బతిమాలుకునేవాళ్లం.