మోచేతి ముడి

"తాతా, ఆ చెయ్యి ఇంకోసారి ఊపవా?" అని ఆరోసారి అడిగేసరికి ఆయన విసుక్కోకుండా బొమ్మనే నా చేతిలో పెట్టేశారు.

తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటలో ఉన్నాను, ఆ బొమ్మల కోసమే. పొద్దున్నుంచి రంగులూ, నగలూ, మేకతోలు మీద పొడిచిన చిల్లులూ స్కెచ్‌బుక్ నిండా గీసుకుంటూ కూర్చున్నా గానీ, అసలు సంగతంతా మోచేతి దగ్గర దారం ముడిలో ఉంది. కాస్త వదులుగా కడతారు. భుజం ఆగిపోయాక కూడా ముంజేయి ఇంకో క్షణం ఊగుతుంది.

యానిమేషన్ క్లాసులో ఫాలో త్రూ అని నేర్చుకుని, రాత్రంతా కీఫ్రేములు (కదలికలోని ముఖ్యమైన భంగిమలు) జరిపి జరిపి మేం తెచ్చుకునేది ఇదే కదా!

నా హనుమంతుడి కాన్సెప్ట్ షీట్‌లో 17 కీళ్లు వేశాను. ఈ ముడి చూశాక సగం కొట్టేశా. సోమవారం రివ్యూ, ఆ టెన్షన్ మాత్రం తగ్గలేదు.