వైజర్ మీద మరక

పొద్దున బైక్ చైన్‌కి లూబ్ కొడుతుంటే, నాతో పాటు బండి తోలిన ఫ్రెండే గుర్తొచ్చాడు. 500 కిలోమీటర్లకోసారి చైన్ చూసుకోరా అని ప్రాణం తీసేవాడు. పక్కన బండి తోలుతూనే, నా చైన్ వదులైందని చప్పుడు విని చెప్పేసేవాడు. అవేం చెవులో మరి!

మలుపుల్లో వాడిది ఒకటే పాట: "గుంటని చూడకు, నువ్వు పోవాల్సిన వైపు చూడు. కళ్లు ఎటుపోతే బండీ అటే పోతుంది." అంత తెలిసినవాడు మలుపులోనే పోయాడు. రోడ్డు మీద సన్న కంకర, ముందు టైరు జారింది, అంతే. 60లో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తాం. కంకర కనపడి, బ్రేక్ మీద వేలు పడేలోపే అంతా అయిపోతుంది. స్పీడుగా తోలుంటాడులే అనేవాళ్లతో వాదించడం మానేశాను. వాడి వెనకాలే నా బండి మీద ఉన్నది నేను, వాళ్లు కాదు.

వాడి హెల్మెట్ నా దగ్గరే ఉంది. ఎడమవైపంతా గీతలు. వైజర్ మీద, అదే ముందద్దం మీద, ఎండిపోయిన పురుగు మరక. ఈసారి ఆగినప్పుడు తుడుస్తానన్నాడు. ఇన్నాళ్లయినా నేనూ తుడవలేదు.

లూబ్ కొట్టాను గానీ, ఇవాళ బండి తీయబుద్ధి కాలేదు. స్టాండ్ వేసి లోపలికొచ్చేశాను.